అవునుకీ కాదుకీ మధ్య

1986 జనవరి 27 రాత్రి అమెరికాలోని యూటా, అలబామా, ఫ్లోరిడా రాష్ట్రాల నుంచి కొందరు ఇంజినీర్లు, అధికారులు ఫోన్‌లో సమావేశమయ్యారు. మర్నాడు ఉదయం ఛాలెంజర్ అంతరిక్ష నౌక ఎగరాల్సి ఉంది. ఫ్లోరిడా తీరంలో అసాధారణమైన చలి. రాత్రి ఉష్ణోగ్రత నీరు గడ్డకట్టే స్థాయికి పడిపోతుందని వాతావరణ సూచన. బూస్టర్ రాకెట్లు తయారుచేసిన మార్టన్ థయోకాల్ కంపెనీ ఇంజినీర్లకు ఓ-రింగుల భయం పట్టుకుంది. రాకెట్ భాగాలను కలిపే అతుకుల్లో ఉండే రబ్బరు వలయాలవి. చలికి రబ్బరు బిరుసెక్కితే సందు మూసుకోవడం ఆలస్యమవుతుంది, లోపలి వేడి వాయువు బయటికి తన్నుకొస్తుంది. 53 డిగ్రీల ఫారన్‌హీట్ కంటే తక్కువలో ప్రయోగం వద్దని వాళ్లు మొదట గట్టిగానే చెప్పారు. నాసా అధికారులు ఆధారం చూపమన్నారు. 53 డిగ్రీల దగ్గర వలయాలు దెబ్బతిన్న మాట నిజమే, కానీ 75 డిగ్రీల దగ్గర కూడా దెబ్బతిన్నాయి కదా అన్న వాదన వచ్చింది. చివరికి కంపెనీ యాజమాన్యం మాట మార్చి ప్రయోగానికి సరేనంది. మర్నాడు నౌక పైకి లేచిన 73 సెకన్లకు ముక్కలైంది. ఏడుగురు వ్యోమగాములూ మరణించారు.

ఆ రాత్రి జరిగిన చర్చ ఎక్కువగా వలయాలు దెబ్బతిన్న ప్రయోగాల చుట్టూనే తిరిగింది. అంతకుముందు ఎగిరిన వాటిలో 23 ప్రయోగాల వలయాల సమాచారం చేతిలో ఉంది. వాటిలో ఏడింటిలో దెబ్బ కనిపించింది. ఆ ఏడూ 53, 57, 58, 63, 70, 70, 75 డిగ్రీల దగ్గర జరిగాయి. ఈ అంకెల్ని మాత్రమే చూస్తే చలికీ దెబ్బకీ సంబంధం ఉందని ఎవరికీ గట్టిగా అనిపించదు. ఏ దెబ్బా తగలని మిగతా 16 ప్రయోగాలను కూడా వీటి పక్కన చేర్చి చూస్తే అసలు సంగతి బయటపడుతుంది. వాటిలో ఒక్కటి కూడా 66 డిగ్రీలకు తక్కువలో జరగలేదు. అంటే 65 డిగ్రీలకు లోపు జరిగిన నాలుగింటిలో నాలుగూ దెబ్బతిన్నాయి. ఆ పైన జరిగిన 19లో దెబ్బతిన్నవి మూడే. ప్రమాదాన్ని విచారించిన రోజర్స్ కమిషన్ తన నివేదికలో ఈ రెండు చిత్రాలనూ పక్కపక్కనే అచ్చువేసింది. ‘ఏమీ జరగలేదు’ అన్న సమాచారం కూడా సమాచారమేనని ఇంతకంటే ఖరీదైన పాఠం గణాంకశాస్త్ర చరిత్రలో నాకు కనిపించలేదు.

ఇలాంటి ప్రశ్నకు సమాధానం వెతికే పద్ధతి పేరు లాజిస్టిక్ రిగ్రెషన్. దెబ్బతింటుందా, తినదా? రోగి బతుకుతాడా, బతకడా? అప్పు తీరుతుందా, ఎగవేతకు గురవుతుందా? వాన పడితే కొండ జారుతుందా? ఫలితానికి రెండే ముఖాలుండి, దాన్ని ప్రభావితం చేసే కారణాలు అనేకం ఉన్నచోటల్లా పరిశోధకులు ముందుగా చేతిలోకి తీసుకునే పనిముట్టు ఇది. వైద్యం, అర్థశాస్త్రం, భూగర్భశాస్త్రం, భాషాశాస్త్రం, రాజనీతిశాస్త్రం ఇలా ఒకదానితో ఒకటి పొత్తులేని శాఖల్లో ఒకే సమీకరణం దర్శనమివ్వడం వెనక కారణమేమిటో, దాన్ని చదవడంలో ఎక్కడ పొరపాట్లు జరుగుతున్నాయో చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఛాలెంజర్ అంకెలతోనే లెక్క చూద్దాం. దెబ్బతిన్న ప్రయోగానికి 1, తినని దానికి 0 వేసి, ఉష్ణోగ్రతతో పాటు అవి ఎలా మారుతున్నాయో చెప్పే సరళరేఖను గీస్తే చిక్కు వస్తుంది. ఆ రేఖ 81 డిగ్రీల దగ్గర మైనస్ 12 శాతం సంభావ్యత చూపిస్తుంది. ప్రయోగం నాటి 31 డిగ్రీల దగ్గర 175 శాతం చూపిస్తుంది. సంభావ్యత సున్నాకు దిగువన గానీ నూటికి పైన గానీ ఉండడానికి వీల్లేదు కాబట్టి రెండూ అర్థంలేని అంకెలే. దీనికి విరుగుడుగా సంభావ్యతకు బదులు ముందు ఆడ్స్‌ను తీసుకుంటారు. జరిగే అవకాశాన్ని జరగని అవకాశంతో భాగిస్తే వచ్చేది ఆడ్స్. సంభావ్యత 80 శాతమైతే ఆడ్స్ 4. సగానికి సగమైతే 1. 20 శాతమైతే 0.25. ఈ ఆడ్స్‌కు లాగరిథమ్ తీస్తే 4 కాస్తా 1.39 అవుతుంది, 1 సున్నా అవుతుంది, 0.25 మైనస్ 1.39 అవుతుంది. ఇప్పుడు హద్దుల్లేవు. ఎటువైపైనా ఎంత దూరమైనా పోవచ్చు. సరళరేఖను ఈ లాగ్ ఆడ్స్ మీద గీసి, చివర్లో తిరిగి సంభావ్యతగా మారిస్తే సున్నాకూ నూటికీ మధ్యలోనే మెలికలు తిరిగే వక్రరేఖ వస్తుంది.

23 ప్రయోగాలకు ఈ లెక్క కడితే లాగ్ ఆడ్స్ సుమారుగా 15.04 నుంచి ఉష్ణోగ్రతకు 0.232 రెట్లు తీసివేస్తే వచ్చే విలువ అని తేలుతుంది. ఉష్ణోగ్రత పది డిగ్రీలు తగ్గిన ప్రతిసారీ దెబ్బతినే ఆడ్స్ దాదాపు పదింతలవుతుంది. సంభావ్యత మాత్రం అలా ఒకే కొలతతో పెరగదు. 75 డిగ్రీల దగ్గర 9 శాతం, 65 దగ్గర 49 శాతం, 55 దగ్గర 91 శాతం, 45 దగ్గర 99 శాతం. అదే పది డిగ్రీల తేడా మధ్యలో 40 శాతానికి పైగా కదిపితే చివర్లో 8 శాతమే కదిపింది. వక్రరేఖ మధ్యభాగంలో ఉన్నవారికి చిన్న మార్పు కూడా పెద్ద తేడా తెస్తుంది, కొసల్లో ఉన్నవారికి అంతగా తేదు. వైద్యంలోనైనా బ్యాంకింగ్‌లోనైనా ఈ గుణం అలాగే వర్తిస్తుంది.

31 డిగ్రీల దగ్గర ఈ సమీకరణం ఇచ్చే అంకె 99.9 శాతానికి పైనే. ఇది చదివి, లెక్క వేసి ఉంటే ప్రమాదం ముందే తెలిసిపోయేదని చాలామంది రాస్తారు. నేను అంత దూరం పోను. అప్పటివరకు జరిగిన ప్రయోగాల్లో అతి తక్కువ ఉష్ణోగ్రత 53 డిగ్రీలు. అక్కడి నుంచి 22 డిగ్రీలు కిందికి, సమాచారమే లేని చోటికి రేఖను పొడిగిస్తున్నాం. పైగా ఘటనలు ఏడే. గుణకం 0.232 అని చెప్పినా, ఇంత కొద్ది సమాచారంతో అది 0.02 నుంచి 0.44 దాకా ఎక్కడైనా ఉండవచ్చు. వలయం దెబ్బతినడం వేరు, నౌక పేలిపోవడం వేరు. 1989లో దలాల్, ఫౌల్క్స్, హోడ్లీ అనే ముగ్గురు గణాంకవేత్తలు ఈ దశలన్నీ విడివిడిగా లెక్కించి, 31 డిగ్రీల దగ్గర అతుకు ఘోరంగా విఫలమయ్యే సంభావ్యత కనీసం 13 శాతమని తేల్చారు. 60 డిగ్రీలు వచ్చేదాకా ఆగితే అది 2 శాతానికి తగ్గేదన్నారు. 13 శాతం అంటే జరిగి తీరుతుందని కాదు. కానీ ఏడుగురు మనుషులు కూర్చున్న నౌక విషయంలో ఆ అంకె చాలు, ఆగడానికి. సమీకరణం ఇచ్చింది సంభావ్యత. ఆగాలా వద్దా అన్నది మనుషులు తేల్చుకోవాల్సిన విషయం. ఈ రెంటినీ కలగాపులగం చేయడమే లాజిస్టిక్ రిగ్రెషన్ వాడకంలో మొదటి తప్పు.

ఈ వక్రరేఖ పుట్టింది వేరే పని మీద. బెల్జియం గణితవేత్త పియర్ ఫ్రాన్స్వా వెర్‌హుల్స్ట్ 1838లో జనాభా పెరుగుదల గురించి రాస్తూ దీన్ని ప్రతిపాదించాడు. జనాభా అంతులేకుండా పెరగదు, వనరుల హద్దు దగ్గరపడేకొద్దీ వేగం మందగిస్తుందన్నది ఆయన ఆలోచన. ఆ తర్వాత దాన్ని దాదాపు అందరూ మరిచిపోయారు. 1920లో రేమండ్ పెర్ల్, లోవెల్ రీడ్ అమెరికా జనాభా లెక్కల కోసం మళ్లీ అదే రేఖను సొంతంగా కనిపెట్టారు. విషం మోతాదుకూ చచ్చే పురుగుల సంఖ్యకూ ఉన్న సంబంధాన్ని లెక్కగట్టే పనిలో 1944లో మేయో క్లినిక్‌కు చెందిన జోసెఫ్ బెర్క్‌సన్ దీన్ని సంభావ్యతల రంగంలోకి తెచ్చాడు. 1958లో బ్రిటన్‌కు చెందిన డేవిడ్ కాక్స్ రెండు ముఖాల ఫలితాల విశ్లేషణకు దీన్ని సాధారణ పద్ధతిగా తీర్చిదిద్దాడు.

గుణకాలను కనిపెట్టే విధానం 1922లో రోనాల్డ్ ఫిషర్ స్థిరపరచిన గరిష్ఠ సంభావ్యతా సూత్రం. కళ్లెదుట కనిపించిన ఫలితాలు రావడానికి ఏ గుణకాలు అత్యంత అనుకూలమో వాటినే ఎంచుకోవడం ఆ సూత్రం సారం. లాజిస్టిక్ రిగ్రెషన్‌లో దీనికి ఒక్క గీటున జవాబు రాదు. ఒక అంచనాతో మొదలుపెట్టి, దాన్ని సరిదిద్దుకుంటూ, ఇక మారదన్న దాకా మళ్లీ మళ్లీ లెక్కించాలి. కంప్యూటర్లు అందుబాటులోకి వచ్చేదాకా ఈ పద్ధతి విస్తరించకపోవడానికి కారణం ఇదే. ఇక్కడ మనవాడి పేరు ఒకటి చెప్పుకోవాలి. తెలుగు కుటుంబంలో పుట్టి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి.ఆర్. రావు 1948లో ప్రతిపాదించిన స్కోర్ పరీక్ష నేటికీ గణాంక సాఫ్ట్‌వేర్‌లు లాజిస్టిక్ రిగ్రెషన్ ఫలితాలతో పాటు అచ్చువేసే మూడు పరీక్షల్లో ఒకటి. పట్టికలో ‘స్కోర్’ అన్న వరుస చూసే పరిశోధక విద్యార్థుల్లో ఎంతమందికి అది ఎవరిదో తెలుసో!

వైద్యంలో ఈ పద్ధతి వేళ్లూనింది ఫ్రామింగ్‌హామ్ వల్ల. మసాచుసెట్స్ రాష్ట్రంలోని ఆ చిన్న పట్టణంలో 1948లో 5,209 మంది స్త్రీపురుషులను ఎంచుకుని, వాళ్లలో ఎవరికి గుండెజబ్బు వస్తుందో ఏళ్ల తరబడి గమనించడం మొదలుపెట్టారు. అప్పటికి వైద్యులకు తెలిసిన విశ్లేషణ పద్ధతి పట్టికలు వేయడం. రక్తపోటు ఎక్కువున్నవారిలో ఎందరికి జబ్బు వచ్చింది, లేనివారిలో ఎందరికి వచ్చింది అని. ఒక కారణమైతే బాగానే ఉంటుంది. వయసు, కొలెస్ట్రాల్, రక్తపోటు, బరువు, హిమోగ్లోబిన్, సిగరెట్లు, ఈసీజీలో తేడా ఇలా ఏడు కారణాలను మూడేసి స్థాయిలుగా విడదీసి పట్టిక వేస్తే 2,187 గడులవుతాయి. 5,209 మందిని వాటిలో సర్దితే గడికి ఇద్దరు ముగ్గురు కూడా సరిగా రారు. ఇక ఆ ఇద్దరిలో జబ్బు వచ్చినవారి శాతం లెక్కగట్టడం హాస్యాస్పదం.

జెరోమ్ కార్న్‌ఫీల్డ్ అనే గణాంకవేత్త ఈ చిక్కుముడి విప్పాడు. ట్రుయెట్, కానెల్‌లతో కలిసి 1967లో ప్రచురించిన పత్రంలో, 12 ఏళ్ల సమాచారాన్ని గడుల్లో కుక్కకుండా ఏడు కారణాలనూ ఒకే లాజిస్టిక్ సమీకరణంలో పెట్టాడు. ఒక్కో కారణానికి ఒక్కో గుణకం. మిగతావన్నీ సమానంగా ఉన్నప్పుడు ఇది పెరిగితే ప్రమాదం ఎంత పెరుగుతుందో ఆ గుణకమే చెబుతుంది. గుండెజబ్బుకు ఒకే కారణం వెతికే అలవాటు పోయి, అనేక కారణాల బరువులను కలిపి చూసే అలవాటు వైద్యంలో స్థిరపడింది అక్కడే. ఈ కథలో ఒక విడ్డూరం ఉంది. ఇలాంటి లెక్కలకు పునాది వేసిన ఫిషర్, ఆ రేఖను వైద్య గణాంకాల్లోకి తెచ్చిన బెర్క్‌సన్ ఇద్దరూ పొగతాగడం వల్ల ఊపిరితిత్తుల క్యాన్సర్ వస్తుందన్న వాదనను చివరిదాకా శంకించారు. పనిముట్టు తయారుచేసినవాడికి దాని ఫలితం రుచించాలని నియమమేమీ లేదు.

మన దేశంలో దీనికి దగ్గరి ఉదాహరణ మధుమేహం. చెన్నైలోని మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్‌కు చెందిన వి. మోహన్ బృందం 2005లో భారతీయ మధుమేహ ప్రమాద స్కోరును ప్రచురించింది. చెన్నైలో చేసిన సర్వే సమాచారానికి లాజిస్టిక్ రిగ్రెషన్ వర్తింపజేసి, వచ్చిన గుణకాలను గుర్తుపెట్టుకోవడానికి వీలుగా పదుల్లోకి మార్చారు. రక్తం తీయనక్కర్లేదు, నాలుగు ప్రశ్నలు, ఒక టేపు చాలు. వయసు 35 లోపైతే సున్నా, 35 నుంచి 49 అయితే 20, 50 నిండితే 30. నడుము కొలత మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లకు లోపైతే సున్నా, అక్కడి నుంచి పది సెంటీమీటర్ల లోపు ఎక్కువైతే 10, ఇంకా ఎక్కువైతే 20. వ్యాయామమూ లేదు, ఒళ్లు వంచే పనీ లేదు అంటే 30, రెంటిలో ఒకటి ఉంటే 20, రెండూ ఉంటే సున్నా. తల్లిదండ్రుల్లో ఒకరికి మధుమేహం ఉంటే 10, ఇద్దరికీ ఉంటే 20. మొత్తం నూరు. 42 ఏళ్ల వయసు, 94 సెంటీమీటర్ల నడుము, రోజంతా కుర్చీలో ఉద్యోగం, తండ్రికి షుగర్ ఉన్న మగమనిషికి 20, 10, 30, 10 కలిపి 70 వస్తుంది. 60 గానీ అంతకు మించి గానీ వస్తే ప్రమాదం ఎక్కువన్నట్టు లెక్క.

ఆ 60 ఎక్కడి నుంచి వచ్చింది? సమీకరణం నుంచి కాదు. పరిశోధకులు గీసిన గీత అది. ఆ గీత దగ్గర, గుర్తించని మధుమేహం ఉన్నవారిలో 72.5 శాతం మంది పట్టుబడుతున్నారు. లేనివారిలో 60.1 శాతం మందిని లేదని సరిగా వదిలేస్తున్నారు. అయితే 60 లేదా ఆపైన వచ్చినవారిలో నిజంగా జబ్బున్నవాళ్లు నూటికి 17 మందే. 60 లోపు వచ్చినవారిలో జబ్బు లేనివాళ్లు నూటికి 95 మంది. ఈ నాలుగు అంకెలనూ కలిపి చదివితేనే స్కోరు అర్థమవుతుంది. 70 వచ్చిందని ఎవరైనా బెంబేలెత్తితే అది స్కోరును తప్పు చదవడం. తక్కువొచ్చిందని ధీమాగా మిఠాయిలు లాగించినా అంతే. ఎవరికి ముందుగా రక్తపరీక్ష చేయాలో చెప్పడానికి పుట్టిన స్కోరు ఇది, జబ్బు నిర్ధారణకు కాదు. గీతను 50కి దించితే ఎక్కువమంది పట్టుబడతారు, అనవసర పరీక్షలూ పెరుగుతాయి. 70కి పెంచితే ఇదంతా తిరగబడుతుంది. పరీక్షకయ్యే ఖర్చు, జబ్బు తప్పిపోతే జరిగే నష్టం రెండూ తూచి గీత గీయాలి. ఆ తూకం గణితం చేసిపెట్టదు.

ఇతర శాస్త్రాల్లోకి తొంగిచూస్తే ఇదే కథ వేరే వేషాల్లో కనిపిస్తుంది. కంపెనీల దివాలాను ముందే పసిగట్టడానికి 1980లో జేమ్స్ ఓల్సన్ ఆర్థిక నివేదికల్లోని నిష్పత్తులతో లాజిస్టిక్ నమూనా కట్టాడు. దివాలా తీసిన 105 కంపెనీలను, తీయని 2,058 కంపెనీలతో పోల్చాడు. బ్యాంకుల అప్పు స్కోరు పట్టికలు చాలావరకు ఈ వంశానివే. అమెరికా భూగర్భ సర్వే సంస్థ, కార్చిచ్చు అంటుకున్న కొండల్లో వాన పడితే బురద ప్రవాహం వస్తుందా అన్నది లాజిస్టిక్ సమీకరణంతోనే అంచనా వేస్తుంది. నిటారు వాలులో ఎంత భాగం తీవ్రంగా కాలిందో, నేల ఎంత సులువుగా కోసుకుపోతుందో, 15 నిమిషాల్లో వాన ఎంత జోరుగా పడుతుందో తీసుకుంటుంది. ఇందులో నాకు నచ్చిన సంగతి ఒకటుంది. మిగతా కారణాలన్నిటినీ వాన జోరుతో గుణిస్తారు. వాన లేకపోతే కొండ ఎంత కాలినా ఆ కారణాలు లెక్కలోకే రావు. సమీకరణం రాసేవాడికి విషయం తెలిసి ఉంటే కనిపించే తేడా ఇది.

అర్థశాస్త్రంలో డేనియల్ మెక్‌ఫాడెన్ ఈ పద్ధతిని రెండు ఎంపికల నుంచి అనేక ఎంపికలకు విస్తరించాడు. శాన్‌ఫ్రాన్సిస్కో పరిసరాల్లో కొత్త రైలు వ్యవస్థ బార్ట్ వస్తున్నప్పుడు, కారు, బస్సు, రైలులో జనం దేన్ని ఎంచుకుంటారో ఖర్చు, ప్రయాణ సమయం, వేచి ఉండే సమయం ఆధారంగా లెక్కగట్టాడు. ఉద్యోగ ప్రయాణాల్లో రైలు వాటా 15 శాతం ఉంటుందని అధికారిక అంచనా. ఆయన లెక్క 6.3 శాతమంది. తర్వాత తేలింది 6.2. 2000 సంవత్సరంలో నోబెల్ అందుకున్నప్పటి ఉపన్యాసంలో ఆయన ఆ అంకె అంత దగ్గరగా రావడంలో అదృష్టం పాలు కూడా ఉందని చెప్పుకున్నాడు. తన సమీకరణం ఎంత ఖచ్చితమో కాదు, దానికి ఎంత ఊగిసలాట ఉందో తెలిసినవాడి మాట అది.

భాషాశాస్త్రవేత్తలు 1970లలోనే, ఒక ధ్వనిని ఎవరు ఎప్పుడు పలుకుతారు, ఎప్పుడు వదిలేస్తారు అన్నదానికి వయసు, తరగతి, పక్కనున్న అక్షరాలు ఎంతెంత కారణమో తేల్చే వార్బ్‌రూల్ అనే ప్రోగ్రామ్ రాసుకున్నారు. దాని లోపల నడిచేదీ లాజిస్టిక్ సమీకరణమే. పరీక్షల్లో ప్రశ్న కష్టాన్నీ విద్యార్థి సత్తానూ ఒకే కొలబద్ద మీద పెట్టే రాష్ నమూనా, చదరంగంలో ఎలో రేటింగ్ కూడా ఈ కుటుంబంలోనివే. ఎలో లెక్కలో 200 పాయింట్లు ఎక్కువున్న ఆటగాడు సగటున నాలుగింట మూడు వంతుల పాయింట్లు గెలుచుకుంటాడు. వరంగల్ కుర్రాడు అర్జున్ ఎరిగైసి 2024 డిసెంబరు జాబితాలో 2800 దాటాడంటే 2600 స్థాయి గ్రాండ్‌మాస్టర్‌తో ఆడితే అతని నుంచి లెక్క ఆశించేది అదే.

ఇన్ని శాఖలు దీన్నే పట్టుకోవడానికి కారణం దాని నిజాయితీ అనుకుంటాను. ఏ కారణానికి ఎంత బరువు వేసిందో దాచిపెట్టదు. ఎవరైనా కాగితం మీద లెక్కించి చూసుకోవచ్చు, వాదించవచ్చు. అయితే ఆ బరువును చదివే దగ్గరే ఎన్నో పరిశోధనలు పప్పులో కాలేస్తున్నాయి. సాఫ్ట్‌వేర్ ఇచ్చేది ఆడ్స్ నిష్పత్తి. దాన్ని ప్రమాదం ఇన్ని రెట్లు అని చదివేస్తారు. అరుదైన జబ్బుల్లో రెండూ దాదాపు ఒకటే, 1951లోనే కార్న్‌ఫీల్డ్ ఈ సంగతి చూపించాడు. మామూలుగా ఎక్కువమందిలో ఉండే వాటిలో అలా కాదు. 1999లో అమెరికాలో, గుండె రోగులకు క్యాథెటరైజేషన్ పరీక్షను వైద్యులు సిఫారసు చేయడంలో వివక్ష గురించిన అధ్యయనంలో ఆడ్స్ నిష్పత్తి 0.6 వచ్చింది. నల్లజాతివారికీ స్త్రీలకూ ఆ సిఫారసు దొరికే అవకాశం 40 శాతం తక్కువని వార్తలు వచ్చాయి. అసలు అంకెలు చూస్తే శ్వేతజాతివారిలో, పురుషుల్లో సిఫారసు 90.6 శాతం, నల్లజాతివారిలో, స్త్రీలలో 84.7 శాతం. తేడా ఏడు శాతం దరిదాపుల్లోనే. వివక్ష లేదని నా ఉద్దేశం కాదు. దాన్ని చూపించిన అంకెను ఆరింతలు ఉబ్బించి చదివారన్నదే సంగతి.

మన దగ్గర ఈ పొరపాటుకు అనువైన చోటు జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే. దాని సమాచారం మీద ఏటా ఎన్నో లాజిస్టిక్ రిగ్రెషన్ పత్రాలు వస్తున్నాయి. 2019–21 సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత దేశం మొత్తంలో 57 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8, తెలంగాణలో 57.6. సగానికి పైగా జనంలో ఉన్నదాన్ని ఆడ్స్ నిష్పత్తితో చెబితే పెద్దదిగా కనిపిస్తుంది. ఒక వర్గంలో 50 శాతం, మరో వర్గంలో 60 శాతం రక్తహీనత ఉందనుకుంటే ఆడ్స్ నిష్పత్తి 1.5 వస్తుంది. నిజానికి ఎక్కువ ఉన్నది 1.2 రెట్లు. 50, 60 అన్న ఆ రెండు శాతాలనే పత్రంలో రాస్తే ఈ గందరగోళమే ఉండదు.

ఇంకో పొరపాటు వివరణకూ అంచనాకూ తేడా మరిచిపోవడం. కొన్ని కారణాలకు గణాంకపరమైన ప్రాముఖ్యం ఉందని పట్టికలో నక్షత్రం గుర్తు పడగానే ఆ నమూనా అంచనా వేయడానికి పనికొస్తుందని అనుకుంటారు. రెండూ వేర్వేరు పనులని గలిట్ ష్మ్యూలీ 2010లో రాసిన వ్యాసం చాలా శాఖల్లో చర్చకు దారితీసింది. ఓల్సన్ ఉదాహరణే తీసుకోండి. వాస్తవంలో దివాలా అరుదు. పోల్చడానికి వీలుగా దివాలా కంపెనీలను వాటి అసలు పాలు కంటే ఎక్కువగా నమూనాలో చేర్చుకుంటే కారణాల గుణకాలకు పెద్దగా ముప్పు రాదు. కానీ సమీకరణంలోని స్థిరాంకం చెదురుతుంది, దానితో ప్రతి కంపెనీకి వచ్చే సంభావ్యత పైకి లేస్తుంది. ఆస్పత్రిలో రోగులనూ ఆరోగ్యవంతులనూ సమానంగా ఎంచుకుని చేసే అధ్యయనాలకూ ఇదే వర్తిస్తుంది. ఏ కారణం ప్రమాదకరమో అవి చెప్పగలవు. మీకు ఎంత శాతం ప్రమాదమో, ఆ స్థిరాంకాన్ని సరిచేయనిదే చెప్పలేవు. అంతర్యుద్ధాల వంటి అరుదైన ఘటనలను అంచనా వేసే రాజనీతిశాస్త్రజ్ఞుల కోసం గ్యారీ కింగ్, లాంగ్‌చె జెంగ్ 2001లో ఈ సవరణలను విడమరచి చెప్పారు.

ఒక చోట కట్టిన సమీకరణం మరోచోట నిలవాలన్న పూచీ కూడా లేదు. ఫ్రామింగ్‌హామ్ జనం దాదాపు అందరూ శ్వేతజాతివారు. ఆ అధ్యయనం నుంచి తర్వాత వచ్చిన ప్రమాద లెక్కలను ఇతర జనాభాల్లో పరీక్షించినప్పుడు, ఎవరికి ఎక్కువ ప్రమాదం ఎవరికి తక్కువ అన్న వరుసక్రమం చాలావరకు సరిపోయింది. ప్రమాదం ఎంత అన్న అంకె మాత్రం కొన్నిచోట్ల తప్పింది. జపనీస్ అమెరికన్ పురుషులకు దాన్ని స్థానిక జబ్బు రేటుకు తగ్గట్టు సరిచేయాల్సి వచ్చింది. ఎక్కడిదో సమీకరణాన్ని మన జిల్లా ఆస్పత్రిలో అలాగే దింపితే జరిగేదీ అదే. మోడల్ 30 శాతం అన్నవారిని వంద మందిని తీసుకుంటే నిజంగా ముప్ఫై మందికి దగ్గరగా జబ్బు వస్తోందా అన్నది చూడాలి. దీన్ని క్యాలిబ్రేషన్ అంటారు. పత్రాల్లో అచ్చయ్యే ఇతర కొలమానాలకంటే రోగికి పనికొచ్చేది ఇదే.

ఇప్పుడంతా యంత్రాభ్యాసం (మెషీన్ లెర్నింగ్) మోజు. లాజిస్టిక్ రిగ్రెషన్ పాతబడిందనే మాట యువ పరిశోధకుల నుంచి తరచు వినిపిస్తుంది. చిత్రాల్లో క్యాన్సర్ కణాన్ని గుర్తుపట్టడం వంటి పనుల్లో అది నిజమే, న్యూరల్ నెట్‌వర్క్‌లతో ఇది పోటీపడలేదు. వయసు, రక్తపోటు, చక్కెర వంటి పది పన్నెండు అంకెలతో చేసే వైద్య అంచనాల్లో మాత్రం పరిస్థితి వేరు. 2019లో వెలువడిన ఒక సమీక్ష లాజిస్టిక్ రిగ్రెషన్‌నూ యంత్రాభ్యాసాన్నీ పోల్చిన 71 అధ్యయనాలను పరిశీలించింది. పక్షపాతానికి తావు తక్కువగా ఉన్న పోలికల్లో యంత్రాభ్యాస పద్ధతులకు సగటున ఏ ఆధిక్యమూ కనిపించలేదు. ఛాలెంజర్ వంటి ఏడు ఘటనల సమాచారానికైతే ఎంత గొప్ప యంత్రాన్ని పెట్టినా ఒరిగేది లేదు. ఒక్కో కారణానికి కనీసం పది ఘటనలుండాలన్న పాత కొలత తర్వాత విమర్శకు గురైనా, అందులోని హెచ్చరిక ఇప్పటికీ చెల్లుతుంది.

మన విశ్వవిద్యాలయాల్లో పరిశోధన చేస్తున్న యువతీయువకులకు ఒక విన్నపం. సిద్ధాంత గ్రంథంలో ఆడ్స్ నిష్పత్తుల పట్టిక వేసినప్పుడు దాని పక్కనే అసలు శాతాలు కూడా వేయండి. సమీకరణంలోని స్థిరాంకాన్ని తప్పక ప్రచురించండి, అది లేకపోతే మరొకరు మీ లెక్కతో ఒక్క మనిషి సంభావ్యత కూడా కట్టలేరు. ఒక జిల్లాలో కట్టిన సమీకరణాన్ని పక్క జిల్లా సమాచారంతో పరీక్షించి, ఫలితం బాగా రాకపోయినా దాన్నీ అచ్చువేయండి. ఏ ఘటనా జరగని వరుసలు మీ ఫైల్లో కనిపిస్తే, పనికిరానివని వాటిని తొలగించకండి.